మూత మీద నిప్పులెందుకు?

మినప్పప్పు నానబెట్టి రుబ్బి, అందులో బియ్యపు రవ్వ కలిపిన పిండి గిన్నెలో ఉందనుకోండి. ఒక గరిటెడు తీసి పెనం మీద పలచగా పరిస్తే రెండు మూడు నిమిషాల్లో అట్టు అవుతుంది. అదే పిండిని ఇడ్లీ పళ్ళెంలో పోసి ఆవిరి మీద పెడితే పది పన్నెండు నిమిషాలు పడుతుంది. మిగిలిన పిండినంతా నూనె వేసిన మందపాటి మూకుట్లో రెండు వేళ్ళ మందాన పోసి మూతపెడితే దిబ్బరొట్టె అవుతుంది. అది లోపలిదాకా కాలడానికి అరగంట చాలదు, ఒక్కోసారి ముప్పావుగంట కూడా పడుతుంది. పిండి ఒకటే, పొయ్యీ ఒకటే. మరి వేళలో ఇంత తేడా ఎందుకు వచ్చింది?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అమరావతి, ధరణికోట, తాడికొండ, పెదకూరపాడు వైపు మీకు పెద్దవాళ్ళెవరైనా ఉంటే, గ్యాసు రాకముందు దిబ్బరొట్టె ఎలా కాల్చేవారో అడగండి. బొగ్గుల కుంపటి మీద మూకుడు పెట్టి, పిండి పోసి, పైన బరువైన మూత వేసి, ఆ మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేవారని చెబుతారు. వంట కిందనుంచి కదా ఉడకాలి? పైన నిప్పులతో పనేమిటి?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఆ జవాబు తెలిస్తే, వేల మైళ్ళ అవతల అమెరికా వంటింట్లో కరెంటు పాత్రలో వండే పాస్తా సంగతి కూడా తెలిసిపోతుంది. మీ ఇంట్లో గ్యాసు సిలిండరు ఇంకొన్ని రోజులు ఎక్కువ రావడానికి మార్గమూ తెలుస్తుంది.

పొయ్యిలో కట్టె, దాలిలో పిడక

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలకు పత్తి, మిరప పెట్టింది పేరు. పంట చేతికొచ్చాక చేలో మిగిలేవి పత్తి కట్టె, మిరప కట్టె, కంది కంప. గ్యాసు పొయ్యిలు రాకముందు ఈ ప్రాంతంలో వంటచెరకుగా ఇవి బాగా ఉపయోగపడేవి. సన్నటి కట్టె కనుక గాలి చుట్టూ బాగా తగులుతుంది. భగ్గున మండుతుంది, త్వరగా అయిపోతుంది. ఎసరు మరగడానికి, వేపుడు వేయడానికి ఇది మంచి మంటే. కాని దిబ్బరొట్టెకు పనికిరాదు.

నిదానంగా కాగవలసినవాటికి వేరే ఏర్పాటు ఉండేది. పాలు కాచే దాలిని తీసుకోండి. చిన్న గుంటలో గాని, మట్టితో కట్టిన గూటిలో గాని పిడకలు పేర్చి, రాజేసి, మంట తగ్గాక పాలకుండను దాని మీద పెడతారు. పిడకల మీద బూడిద కప్పుకుంటుంది. ఆ బూడిద రెండు పనులు చేస్తుంది. పిడకకు గాలి ఎక్కువ తగలకుండా అడ్డుపడుతుంది కనుక అది భగ్గున మండక, గంటల తరబడి కనకనలాడుతూ ఉంటుంది. పుట్టిన వేడి బయటికి పోకుండా దుప్పటిలాగా కూడా పనిచేస్తుంది. పొద్దున పెట్టిన పాలు సాయంత్రానికి చిక్కబడి, లేత ఎరుపు రంగుకు తిరిగి, పైన మందంగా మీగడ కడతాయి. ఇన్ని గంటలు కాగినా పొంగిపోవు. కాపలా కాయనక్కరలేదు.

కుంపటిలో బొగ్గు కూడా ఇంతే. మంట లేచి ఆడదు, సమంగా వేడినిస్తుంది. మన పల్లెటూళ్ళకు నెమ్మది మంట కొత్తది కాదన్నమాట. అది వంటను ఎలా ఉడికిస్తుందన్నదే చూడవలసింది.

నీళ్ళున్నంతవరకు నూరు డిగ్రీలే

ఒక గిన్నెలో నీళ్ళు పొయ్యి మీద పెట్టారు. అవి మరగడం మొదలైంది. ఇప్పుడు మంట రెండింతలు చేశారు. నీళ్ళు ఇంకా వేడెక్కుతాయా? చాలామంది అవుననే అంటారు. కాని ఉష్ణమాపకం పెట్టి చూస్తే రెండుసార్లూ ఒకే అంకె కనబడుతుంది: దాదాపు 100 డిగ్రీల సెంటిగ్రేడు. మంట పెంచినందువల్ల నీళ్ళు మరింత గట్టిగా తెర్లుతాయి, మరింత త్వరగా ఆవిరైపోతాయి. అంతే. బంగాళాదుంపలు తెర్లే నీళ్ళలో ఉన్నా, నిదానంగా కాగే నీళ్ళలో ఉన్నా దాదాపు ఒకే సమయంలో ఉడుకుతాయి.

ఈ విషయాన్ని పట్టుకుని పట్టుకుని చెప్పినవాడు రంఫర్డ్ ప్రభువు. 1753లో అమెరికాలో పుట్టి, జర్మనీలోని మ్యూనిక్ నగరంలో చాలాకాలం పనిచేసిన శాస్త్రజ్ఞుడు. వేడి అనేది ఒక పదార్థం కాదు, చలనమే వేడి అని నిరూపించడానికి ఫిరంగి గొట్టాలను తొలిచే పనిని ఉదాహరణగా చూపినవాడు ఆయనే. వంటపొయ్యిల్లో ఎంత వంటచెరకు వృథా అవుతున్నదో ఆయన లెక్కగట్టాడు. నీళ్ళను ఊరికే తెర్లించడానికే అందులో చాలాభాగం పోతున్నదని చెప్పాడు.

ఆ లెక్క మనమూ వేద్దాం. ఒక లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కిలో కేలరీల వేడి కావాలి. మరిగే ఒక లీటరు నీళ్ళు పూర్తిగా ఆవిరి కావడానికి సుమారు 540 కిలో కేలరీలు కావాలి. దీన్నే గుప్తోష్ణం అంటారు. అంటే పావు లీటరు నీళ్ళు ఆవిరైపోతే 135 కిలో కేలరీలు పోయినట్టే. లీటరు నీళ్ళు మరిగించడానికి పట్టిన వేడికి ఇది దాదాపు రెండింతలు!

ఒక కిలో వంటగ్యాసు మండితే సుమారు 11,000 కిలో కేలరీలు వస్తాయి. అందులో నూటికి 60 వంతులు గిన్నెకు చేరాయనుకుందాం. ఆ పావు లీటరును ఆవిరి చేయడానికి సుమారు 20 గ్రాముల గ్యాసు ఖర్చవుతుంది. రోజుకు 20 గ్రాములంటే ఏడాదికి 7 కిలోల పైచిలుకు. ఇంటికి వచ్చే సిలిండరులో ఉండేది 14.2 కిలోలు. అంటే మూత పెట్టకుండా, మంట తగ్గించకుండా రోజూ ఒక పావు లీటరు నీళ్ళను గాలిలో కలిపితే, ఏడాదికి సగం సిలిండరు పోయినట్టే.

వేడి నడిచే దారి

ఇప్పుడు మన మూకుడు దగ్గరికి వద్దాం. పాలూ నీళ్ళూ కాచేటప్పుడు అడుగున వేడెక్కిన ద్రవం తేలికై పైకి లేస్తుంది, పైనున్న చల్లటి ద్రవం కిందికి దిగుతుంది. ఇదే ఉష్ణసంవహనం. ఈ రాకపోకల వల్ల గిన్నెలోని ద్రవమంతా త్వరలోనే వేడెక్కుతుంది. రొట్టె పిండి చిక్కనిది. అది పైకీ కిందికీ కదలలేదు. కాబట్టి వేడి ఒక పొరనుంచి పక్క పొరకు, అక్కడనుంచి ఆ పై పొరకు చేతులు మార్చుకుంటూ పోవలసిందే. ఇది ఉష్ణవహనం. చాలా నిదానమైన నడక. ఆపిల్ పండ్ల గుజ్జు పెట్టి కాల్చిన రొట్టె పైన చల్లారినా లోపల నోరు కాలేటట్టు ఉండటం చూసి రంఫర్డ్ ఆశ్చర్యపడ్డాడు. చిక్కటి పదార్థంలో వేడి త్వరగా కదలదన్న ఆలోచన ఆయనకు అలాంటి అనుభవాల వల్లనే కలిగింది.

ఈ నడకకు ఒక లెక్క ఉంది. ఫ్రాన్సు దేశపు గణితవేత్త జోసెఫ్ ఫూరియే 1822లో వేడి ప్రసారం గురించి ఒక గొప్ప గ్రంథం ప్రకటించాడు. ఆయన సూత్రాలనుంచి వచ్చే ఫలితం ఇది: వేడి పోవలసిన దూరం రెట్టింపయితే పట్టే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. దూరం మూడింతలైతే సమయం తొమ్మిదింతలు. అంటే సమయం దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది.

ఇక మొదటి ప్రశ్న విడిపోయినట్టే కదా! అట్టు మందం కొద్ది మిల్లీమీటర్లే. ఇడ్లీ మధ్యలో దాదాపు 3 సెంటీమీటర్లు ఉంటుంది, కాని ఆవిరి దాన్ని పైనుంచీ కిందనుంచీ చుట్టుకుంటుంది. కనుక వేడి నడవవలసింది ఒకటిన్నర సెంటీమీటర్లే. దిబ్బరొట్టె మందం 4 సెంటీమీటర్లనుకుంటే, కిందనుంచి మాత్రమే వేడి వస్తున్నప్పుడు అది మొత్తం 4 సెంటీమీటర్లూ నడవాలి.

మూత మీద నిప్పులు వేస్తే? పైనుంచి వేడి దిగుతుంది, కిందనుంచి వేడి ఎక్కుతుంది, రెండూ మధ్యలో కలుసుకుంటాయి. ఒక్కొక్కటి నడవవలసిన దూరం 2 సెంటీమీటర్లే. దూరం సగమైంది, సమయం నాలుగోవంతుకు పడిపోతుంది! నిజమైన రొట్టెలో లెక్క ఇంత కచ్చితంగా కుదరదు. పిండిలోని ఆవిరి కూడా కొంత వేడిని మోసుకుపోతుంది, మూతకూ పిండికీ మధ్య ఖాళీ ఉంటుంది. అయినా సూత్రం అదే. నిప్పులు లేని గ్యాసు పొయ్యి మీద రొట్టెను మధ్యలో తిరగేయడం కూడా ఇందుకే.

పిండిలోని బుడగలు ఇంకో చిక్కు తెస్తాయి. పిండిని కొన్ని గంటలు ఉంచితే ల్యూకోనోస్టాక్ మొదలైన సూక్ష్మజీవులు అందులోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. మినప్పిండిలోని జిగురు ఆ వాయువును పోనివ్వక పట్టి ఉంచుతుంది. అందుకే పిండి పొంగుతుంది, రొట్టె గుల్లగా ఉంటుంది. కాని బుడగల్లో చిక్కుకున్న వాయువు వేడిని సులభంగా సాగనివ్వదు. దూది బొంత వెచ్చగా ఉండటానికి కారణం కూడా దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలే. గుల్లగా పొంగిన రొట్టెకు అందుకే మరింత ఓపిక కావాలి.

అడుగున ఎర్రటి పొర

ఓపిక లేక మంట పెంచామనుకోండి. పిండి లోపలిభాగంలో నీళ్ళున్నాయి కనుక అక్కడ 100 డిగ్రీలు దాటదు. బియ్యపు పిండిపదార్థం ఉడకడానికి 70, 80 డిగ్రీలు చాలు. లోపలికి కావలసింది ఎక్కువ వేడి కాదు, ఎక్కువ సమయం.

మూకుడును అంటుకున్న పొర సంగతి వేరు. అక్కడ నూనె ఉంది, నీళ్ళు త్వరగా ఆవిరైపోతాయి. నీళ్ళు పోగానే 100 డిగ్రీల హద్దు తొలగిపోతుంది. వేడి 140 డిగ్రీల ప్రాంతానికి చేరేసరికి మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి కొత్త పదార్థాలుగా మారతాయి. ఎర్రటి రంగు, కమ్మటి వాసన వీటివల్లనే. దీన్ని 1912లో వివరించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమిల్ మయార్. అందుకే దీనికి మయార్ చర్య అని పేరు. దాలి పాలు ఎర్రబడటం కూడా ఇదే చర్య. అక్కడ వేడి తక్కువ కనుక అది గంటల తరబడి సాగుతుంది.

మంట ఇంకా పెంచితే ఎరుపు కాస్తా నలుపవుతుంది. అడుగు మాడుతుంది, నడుమ పచ్చిపిండి మిగులుతుంది. పిండిపదార్థాలను 120 డిగ్రీలు దాటించి కాల్చినప్పుడు ఆక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. రంగు నల్లబడేకొద్దీ అది పెరుగుతుంది. ఎర్రటి పొరను ఇష్టంగా తినండి గాని, మాడిన ముక్కను గీకి పారేయడమే మంచిది.

మూకుడు మందంగా ఎందుకుండాలో కూడా ఇప్పుడు ఊహించగలరు. పలచటి గిన్నెలో మంట తగిలినచోటే వేడి పైకి పిండిలోకి దూసుకుపోతుంది. అక్కడ మచ్చలా మాడుతుంది. మందపాటి ఇనుములో వేడి పైకి ఎక్కేలోపల పక్కలకు కూడా పరుచుకుంటుంది. రొట్టె అడుగంతా ఒకే రంగుకు వస్తుంది.

కరెంటు పాత్రలో పాస్తా

పాస్తా అంటే మన సేమ్యాకు దాయాది. గట్టి రకం గోధుమ రవ్వను నీళ్ళతో ముద్దచేసి, గొట్టాలుగా, రేకులుగా, దారాలుగా తయారుచేసి ఆరబెడతారు. ఇటలీవాళ్ళు వెడల్పాటి పాస్తా రేకులను వరసలుగా పేర్చి, మధ్య మధ్య టమాటా గుజ్జు, జున్నులాంటి ఛీజు వేసి, 180 డిగ్రీల వేడి ఉన్న పొయ్యిగూటిలో కాలుస్తారు. దీని పేరు లసానియా. గూటిలో వేడి పైనా కిందా చుట్టూ ఉంటుంది. లోపల పాస్తా మెత్తగా ఉడుకుతుంది, పైన ఛీజు ఎర్రగా కాలుతుంది. మన దిబ్బరొట్టెకు ఇది దూరపు చుట్టమే!

అమెరికాలో చాలామంది దీన్నే స్లో కుక్కర్‌లో వండుతారు. అక్కడున్న మీ బంధువుల ఇళ్ళలో దాన్ని చూసి ఉండవచ్చు. బరువైన పింగాణీ పాత్ర, దాని చుట్టూ గోడలో కరెంటు తీగలు, పైన గాజుమూత. ఇది లాగే కరెంటు సుమారు 200 వాట్లు. నీళ్ళు కాచే కరెంటు కెటిల్ 1500 వాట్ల దాకా లాగుతుంది. కనుక స్లో కుక్కర్‌లో వంట వేడెక్కడానికే గంటలు పడుతుంది. మెల్లగా 100 డిగ్రీల దగ్గరికి చేరి అక్కడే నిలబడుతుంది. పాస్తా రేకులను ముందుగా ఉడికించనక్కరలేదు. పచ్చి రేకులనే పేరిస్తే గుజ్జులోని నీళ్ళను పీల్చుకుని, మూడు నాలుగు గంటల్లో మెత్తబడతాయి. ఇంకా ఎక్కువసేపు ఉంచితే పిండిరేణువులు ఉబ్బి పగిలి, రేకులన్నీ జావలా కలిసిపోతాయి.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. పైన ఎర్రబడదు. ఎందుకో చెప్పగలరా? గాజుమూత కింద ఆవిరి చల్లబడి నీటిబొట్లుగా వంట మీదనే రాలుతుంది. పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటుంది. తడి ఉన్నంతవరకు 100 డిగ్రీలు దాటదు, 100 డిగ్రీలు దాటనిదే మయార్ చర్య చురుగ్గా సాగదు. పాత్ర గోడను అంటిన అంచులు మాత్రం కాస్త ఎర్రబడతాయి. అందుకని కొందరు మూత కింద ఒక పొడిగుడ్డ బిగించి కడతారు. నీటిబొట్లను అది పీల్చుకుంటుంది. వంట నీరుకారదు గాని, ఎరుపు అప్పుడూ రాదు. ఆ పాత్రకు లోటైనది మూత మీద నాలుగు నిప్పులే!

ముందే చేసినవాళ్ళు

స్లో కుక్కర్‌కు మూలం ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు తయారుచేసిన పాత్ర. దానికి ఆయన 1940లో పేటెంటు పొందాడు. లిథువేనియాలో పెరిగిన తన తల్లి చెప్పిన సంగతి ఆయనకు ఆధారం. యూదులు శనివారం నిప్పు రాజేయరు. అందుకని శుక్రవారం సాయంత్రం గింజలు, మాంసం వేసిన కుండను రొట్టెలవాడి పొయ్యిగూటిలో పెట్టేవారు. గూటిలో మిగిలిన వేడికే రాత్రంతా ఉడికి, మర్నాటికి భోజనం సిద్ధమయ్యేది. 1971లో మరో కంపెనీ నాక్సన్ పాత్రను మెరుగుపరచి క్రాక్‌పాట్ పేరుతో అమ్మకానికి పెట్టింది.

మన దేశంలో అంతకుముందే ఇలాంటి పని జరిగింది. 1910లో కలకత్తాకు చెందిన డాక్టర్ ఇందుమాధవ్ మల్లిక్ ఇక్మిక్ కుక్కర్ తయారుచేశాడు. అది క్యారియర్ గిన్నెల్లాంటి గిన్నెల దొంతర. ఆ దొంతరను ఒక గొట్టంలాంటి పాత్రలో దించి, అడుగున కొద్దిపాటి బొగ్గులు పెడతారు. అన్నం, పప్పు, కూర అన్నీ ఆవిరికి నిదానంగా ఉడుకుతాయి. వంట పెట్టి తమ పనిమీద తాము పోవచ్చు. ఇంకా వెనక్కి పోతే, 1867లో పారిస్ ప్రదర్శనలో నార్వేవాళ్ళు ఒక పెట్టెను చూపించారు. ఒకసారి మరిగించిన గిన్నెను ఆ పెట్టెలో పెట్టి మూసేస్తే, కింద మంట లేకుండానే వంట పూర్తయ్యేది. వేడి బయటికి పోకుండా పెట్టె గోడలకు మెత్త పొదిగారు.

నెమ్మది మంటలో జాగ్రత్తలు

నెమ్మది మంట మంచిదే. కాని దాని ప్రమాదాలు దానికున్నాయి. ఇవి మీరు తప్పక తెలుసుకోవాలి.

మొదటిది, సూక్ష్మజీవులు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య హానికరమైన సూక్ష్మజీవులు చురుగ్గా పెరుగుతాయి. వంట ఈ మధ్యలో గంటల తరబడి ఉండకూడదు. త్వరగా 60 డిగ్రీలు దాటాలి, వడ్డించేదాకా ఆ పైనే ఉండాలి. గోరువెచ్చగా పొయ్యి మీద వదిలేసిన అన్నం, పప్పు ఇందుకే పాడవుతాయి.

రెండవది, ఎర్ర రాజ్మా గింజలు. వీటిలో ఒక సహజమైన విషపదార్థం ఉంది. నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లేటట్టు మరిగిస్తే అది నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర మాత్రమే ఉడికిస్తే నశించదు, దాని చెడుగుణం పెరగవచ్చు కూడా. నాలుగైదు గింజలే వాంతులు తెప్పించగలవు. ఇక్కడ మాత్రం పెద్ద మంటే కావాలి.

మూడవది, అన్నిటికన్నా భయంకరమైనది, కుంపటి. బొగ్గులు గాలి చాలక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆమ్లజని కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవాళ్ళు మళ్ళీ లేవకపోవచ్చు. కుంపటి ఎప్పుడూ ఆరుబయటే ఉండాలి.

కట్టెల పొయ్యి పొగ మాటేమిటి? పాతకాలపు పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో నూటికి పదిపాళ్ళు మాత్రమే గిన్నెకు చేరుతుంది. మిగిలినది గాలిపాలు. ఇళ్ళలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అమ్మమ్మల కళ్ళూ ఊపిరితిత్తులూ ఆ పొగకే పాడయ్యాయి. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం మొదలుపెట్టి పేద ఇళ్ళకు గ్యాసు ఇవ్వడానికి ఇదే కారణం. కనుక పిడకల పొయ్యి మళ్ళీ పెట్టమని ఎవరూ చెప్పరు. అమ్మమ్మకు తెలిసిన మందపాటి గిన్నె, బరువైన మూత, చిన్న మంట, ఓపిక, ఈ నాలుగూ గ్యాసు పొయ్యి మీద కూడా అంతే బాగా పనిచేస్తాయి.

మీరే చేసి చూడండి

ఈ ప్రయోగాలు ఇంట్లో పెద్దవాళ్ళు దగ్గరుండగా చేయండి.

1. బంగాళాదుంపలు కోసి 2 సెంటీమీటర్ల ఘనాలు నాలుగు, 4 సెంటీమీటర్ల ఘనాలు నాలుగు తయారుచేయండి. నిదానంగా మరిగే నీళ్ళలో ఒకేసారి వేయండి. రెండు నిమిషాలకొకసారి ఒక్కో ముక్కను బయటికి తీసి, సన్నటి పుల్లను నడిమిదాకా గుచ్చి చూడండి. చిన్నవి ఎప్పుడు ఉడికాయి? పెద్దవి ఎప్పుడు? రెండో సమయాన్ని మొదటిదానితో భాగించండి. అది 2కు దగ్గరగా ఉందా, 4కు దగ్గరగా ఉందా?

2. ఒకే గిన్నెలో లీటరు నీళ్ళు మూత లేకుండా పెద్దమంట మీద పదిహేను నిమిషాలు మరిగించి, చల్లారాక ఎన్ని మిగిలాయో కొలవండి. మరునాడు మళ్ళీ లీటరు నీళ్ళు పోసి, మరగగానే మూతపెట్టి చిన్నమంట మీద పదిహేను నిమిషాలు ఉంచి కొలవండి. తేడాను గ్యాసు గ్రాముల్లోకి మార్చండి. లెక్క పైన ఇచ్చినదే.

3. పత్తి పండే నేల మనది. నార్వేవాళ్ళ పెట్టె మనం దూదితోనే చేయవచ్చు. కందిపప్పు అరగంట నానబెట్టి, తగినన్ని నీళ్ళతో పది నిమిషాలు బాగా మరిగించండి. పొయ్యి ఆర్పేయండి. మూత తీయకుండా గిన్నెను పొయ్యికి దూరంగా తీసుకుపోయి, ముందు నాలుగు మడతల పాతకాగితాలతో, ఆ పైన దూది బొంతతో అన్నివైపులా చుట్టండి. గంట తరువాత విప్పి చూడండి. పప్పు ఉడికిందా? బడి ప్రయోగశాలనుంచి ఉష్ణమాపకం తెచ్చుకుంటే వేడి ఎంత నిలిచిందో కొలవండి. 60 డిగ్రీలకు తగ్గితే బొంత చాలలేదన్నమాట. ఎలా ఉన్నా తినేముందు మళ్ళీ ఒకసారి మరిగించండి.

చివరిగా ఒక ప్రశ్న. ఎవరో మీకు దిబ్బరొట్టె ముక్క ఒకటి పెట్టారు. కత్తితో నిలువుగా కోసి చూస్తే లోపల సన్నటి గీతలా పచ్చిపిండి కనబడింది. ఆ గీత రొట్టెకు సరిగ్గా నడుమ ఉందా, పైభాగానికి దగ్గరగా ఉందా? అదొక్కటి చూసి, రొట్టెను ఒకవైపే కాల్చారో, తిరగేశారో, మూత మీద నిప్పులు వేశారో కొంతవరకు చెప్పేయవచ్చు. ఎలాగో ఆలోచించండి. తేలాక, ఆ రొట్టె కాల్చినవాళ్ళనే అడిగి మీ జవాబు సరైనదో కాదో చూసుకోండి.